ఆ పోయిన కరెంటు ఎక్కడ కూర్చుంటుంది?

దిండిగల్ నుంచి పళని, పొల్లాచ్చి మీదుగా కోయంబత్తూరు పోయే దారికి తెలుగువాళ్ల మోటారు బండ్ల చరిత్రలో ఒక చోటు ఉంది. 1920లో జి.డి. నాయుడు తన తొలి బస్సు నడిపింది పొల్లాచ్చి, పళని మధ్యనే. ఆ ఒక్క బస్సు నుంచే యూనివర్సల్ మోటార్ సర్వీస్ పెరిగింది. 1930ల మొదట్లో పైకారా జలవిద్యుత్తు అందాక కోయంబత్తూరు మిల్లులు విస్తరించాయి. 1937లో డి. బాలసుందరం నాయుడు, జి.డి. నాయుడు కలిసి తయారుచేసిన మోటారును ఈ దేశంలో పుట్టిన తొలి ఎలక్ట్రిక్ మోటారుగా చెప్పుకుంటారు. ఆ వెనకే పంపుసెట్ల కర్మాగారాలు వచ్చాయి, వాటి వెనకే ఊరూరా రివైండింగ్ షాపులు వెలిశాయి. ఈ సంవాదంలో మాట్లాడే మామ దిండిగల్లో అలాంటి షాపు పెట్టుకున్న మనిషి. మేనల్లుడు కోయంబత్తూరులో పవర్ ఎలక్ట్రానిక్స్ చదివినవాడు. ఇద్దరూ నా కల్పనే. వాళ్ల ముందున్న ప్రశ్న మాత్రం నిజమైనదే: పళని కొండ చుట్టూ ఉన్న గిరివీథిలో భక్తులను తిప్పే బ్యాటరీ బండ్లకూ, ఒట్టన్‌చత్రం మార్కెట్టుకు కూరగాయలు మోసే సరుకు ఆటోలకూ ప్లగ్గు అక్కర్లేని చార్జింగ్ పెట్టవచ్చా? నా మొగ్గు ముందే చెప్పేస్తాను. ఎంత కరెంటు వృథా అయిందన్నది ఇక్కడ చిన్న ప్రశ్న. వృథా అయినది వేడిగా మారి ఎక్కడ కూర్చుంది, అక్కడి నుంచి బయటికి పోవడానికి దారి ఉందా అన్నదే అసలు ప్రశ్న.

మామ: ట్రాన్స్‌ఫార్మర్ చుట్టేవాడికి నీ విద్య చూస్తే నవ్వొస్తుంది అల్లుడా. ప్రైమరీ, సెకండరీ రెండూ ఒకే ఇనప కోరు మీద ఉండాలి. రేకుల అతుకులో కాస్త సందు మిగిలినా ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మంటుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. నువ్వు ఆ కోరును నిలువునా కోసి, ఒక సగం నేలలో పాతి, రెండో సగం బండి కడుపు కింద కట్టి, మధ్యలో అయిదంగుళాల గాలి పెడతానంటున్నావు. ఇది కొత్త ఊహ కూడా కాదు. ఫ్రాన్సులో హ్యూటిన్, లెబ్లాంక్ అనే ఇద్దరు ఇలాగే రైలుబండికి తాకకుండా కరెంటు ఇస్తామని 1894లోనే అమెరికాలో పేటెంటు తీసుకున్నారు. నూరేళ్ల తర్వాత కాలిఫోర్నియాలో బర్కిలీ వాళ్లు పాత్ ప్రాజెక్టు కింద రోడ్డులో తీగలు పాతి బస్సు నడిపితే, మూడంగుళాల ఎడానికే నూటికి 60 పాళ్లు చేరింది. మిగతా 40 పాళ్లకు బిల్లు కట్టేదెవరు? ప్లగ్గు పెట్టడానికి డ్రైవరుకు రెండు చేతులు లేవా?

అల్లుడు: బర్కిలీ వాళ్లు వాడింది 400 హెర్ట్జ్ మామా. ఇప్పుడు ఎక్కువగా వాడేది 85 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల. కోరు తెగిపోయింది కాబట్టి రెండు చుట్టల మధ్య జోడు బలహీనమే, దాన్ని కాదనను. మోటారులో ఆ జోడు ఒకటికి దగ్గరగా ఉంటే ఇక్కడ 0.2 ఉంటే గొప్ప. కానీ రెండు వైపులా కెపాసిటర్లు కట్టి రెండు చుట్టలనూ ఒకే శ్రుతిలో మోగిస్తే, బలహీనమైన జోడుతో కూడా కరెంటు దాటుతుంది. లెక్క ఇలా ఉంటుంది. జోడు 0.2, చుట్టల నాణ్యత 300 అనుకోండి. గుణిస్తే 60. చుట్టలు తినేది సుమారుగా 60లో 2 పాళ్లు, అంటే నూటికి మూడుకు కాస్త పైన. మిగతా నష్టమంతా ఇటు కరెంటును వేగంగా తిప్పే ఇన్వర్టరులోనూ, అటు దాన్ని మళ్లీ డీసీ చేసే రెక్టిఫయరులోనూ. బీఎండబ్ల్యూ 2018లో తన 530ఈ కారుకు నేల మీద పెట్టే 3.2 కిలోవాట్ల చార్జింగ్ ప్యాడ్ ఇచ్చినప్పుడు చేరింది నూటికి 85. మన దేశంలో తిరువనంతపురం సీడాక్, నాగపూర్ వీఎన్ఐటీ కలిసి చేసిన 1.5 కిలోవాట్ల చార్జరు పన్నెండున్నర సెంటీమీటర్ల ఎడంలో 89.4 చేర్చింది. మామూలు 230 వోల్టుల లైను చాలు. 48 వోల్టుల, 4.8 యూనిట్ల బ్యాటరీని మూడు గంటల్లో తొంభై పాళ్లు నింపుతుంది. అమెరికాలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాల 2018లో 120 కిలోవాట్లను ఆరంగుళాల గాలి దాటించి 97 చేర్చింది.

బిల్లు సంగతి కూడా తేల్చేద్దాం. సీడాక్ చార్జరు బ్యాటరీకి 1,500 వాట్లు ఇవ్వాలంటే గోడ నుంచి 1,678 లాగాలి. నూటికి 93 చేర్చే మంచి తీగ చార్జరయితే 1,613 లాగుతుంది. తేడా 65 వాట్లు. మూడు గంటలకు యూనిట్‌లో అయిదో వంతు. ఏడాదికి 300 రోజులు నడిపితే 60 యూనిట్లు కూడా కాదు. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా ఒక బండికి ఏడాదికి ఆరు వందలు దాటదు. మీ షాపులో టీకాఫీల ఖర్చు దీనికన్నా ఎక్కువ.

డబ్బు లెక్కలో అల్లుడిదే గెలుపు. వైర్‌లెస్ చార్జింగ్ గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు: ఒకరు వృథా అంటారు, ఇంకొకరు ఆ వృథా చిన్నది అంటారు. మామ మటుకు కాలిన మోటార్లు విప్పి చూసిన మనిషి కనుక అక్కడ ఆగడు.

మామ: సరే, ఆరు వందలు నేనే కడతాననుకో. నువ్వు చెప్పిన లెక్కలోనే 1,678లో 1,500 పోతే 178 వాట్లు మిగిలాయి. అవి ఆవిరి కాలేదు కదా, వేడయ్యాయి. తీగ చార్జరులోనూ 113 వాట్లు వేడవుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ చార్జరు గోడకు వేలాడుతుంది, దాని ఒంటికి రెక్కలు ఉంటాయి, వెనక చిన్న ఫ్యాను తిరుగుతుంది, దుమ్ము పట్టితే బ్రష్షుతో దులుపుకోవచ్చు. నీ ప్యాడ్ నేలలో ఉంటుంది. మీద బండి చక్రం ఎక్కుతుంది, వాన నీళ్లు నిలుస్తాయి, కనుక సందు లేకుండా మూసెయ్యాలి. లోపల జిగురు పోసి గట్టిపరచాలి. ఫ్యాను పెడితే సీలు ఉండదు, సీలు వేస్తే ఫ్యాను ఉండదు. ఈ రెండూ ఒక ఇంట్లో ఇమడని సవతులు. మా వృత్తిలో నోటిలెక్క ఒకటుంది: వైండింగ్ తట్టుకోగల వేడి మీద పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగం పడిపోతుంది. ఇన్సులేషన్ క్లాస్ ఎఫ్ అయితే తట్టుకునేది 155 డిగ్రీలు, క్లాస్ బి అయితే 130. మోటారు కాలిందని తెచ్చేవాళ్లలో కరెంటు ఎక్కువై కాలినవి కొన్నే. ఎక్కువ భాగం గాలి ఆడక, ఫ్యాను కవరు నిండా చెత్త పట్టి, మెల్లగా ఉడికి చచ్చినవి. నీ ప్యాడ్ పుట్టుకతోనే ఫ్యాను కవరు మూసుకుపోయిన మోటారు.

అల్లుడు: మూసిన పెట్టె అంటే చావే అనుకుంటే మీ షాపులోని సబ్‌మెర్సిబుల్ మోటార్ల సంగతేమిటి? వాటికీ ఫ్యాను లేదు, గాలి లేదు. బోరులో వందల అడుగుల లోతున సీలు వేసుకుని ఏళ్లకు ఏళ్లు తిరుగుతాయి. ఎందుకంటే చుట్టూ నీళ్లు పారుతూ వేడిని ఎత్తుకుపోతాయి. నీటిమట్టం పడిపోయి ఉత్తగా తిరిగితేనే కాలుతుంది. కాబట్టి మూసినందువల్ల తప్పు లేదు మామా, వేడికి దారి కట్టకపోవడమే తప్పు. ఇంకో మాట. ప్లగ్గులో వేడి లేదనుకోకండి. పిన్ను వదులై, అతుకు దగ్గర 0.05 ఓముల నిరోధం వచ్చిందనుకోండి. 15 ఆంపియర్లు పారితే 11 వాట్లు. చూడ్డానికి చిన్న అంకె, కానీ అది బొటనవేలంత పిన్నులో కూర్చుంటుంది. సాకెట్ ప్లాస్టిక్ పసుపుపచ్చగా మారి, తర్వాత నల్లబడి, ఒకరోజు కరిగి అతుక్కుపోయేది అందుకే. రోజుకు ముగ్గురు డ్రైవర్లు మారే బండికి, వానలో తడిచేతులతో గుంజే ప్లగ్గుకు ఆ వదులు ఎన్నాళ్లలో వస్తుందో మీకే బాగా తెలుసు. 178 వాట్లు జానెడు, మూరెడు పలకల మీద పరుచుకుంటే భరించొచ్చు. 11 వాట్లు ఒక పిన్నులో ఇరుక్కుంటే భరించలేం. మీరు మొత్తాన్ని చూస్తున్నారు, నేను ఎంత చోటులో ఎంత వేడి అని చూస్తున్నాను.

మామ: బోరుమోటారు మాట బాగా దొరికింది నీకు. కానీ నేల నీళ్లు కాదురా. నీళ్లు కదులుతాయి, వేడెక్కిన నీళ్లు పోయి చల్లనివి వస్తాయి. మన వేదసందూరు వైపు ఎర్రనేల ఎండితే వేడిని అసలు కదలనివ్వదు. తడినేలలో వేడి పారినంతలో నాలుగైదో వంతు కూడా ఎండునేలలో పారదు. భూమిలో కేబుళ్లు వేసేవాళ్లకు ఈ బాధ తెలుసు: కేబులు వేడికి చుట్టూ ఉన్న మట్టి ఎండుతుంది, ఎండిన మట్టి వేడిని ఇంకా బంధిస్తుంది, దాంతో కేబులు ఇంకా వేడెక్కుతుంది. ఇక పైన ఎండ. నడివేసవిలో అగ్నినక్షత్రం రోజుల్లో మధ్యాహ్నం ఒక చదరపు మీటరు మీద సూర్యుడు దాదాపు వెయ్యి వాట్లు కుమ్మరిస్తాడు. నీ ప్యాడ్ రెండడుగుల చదరం అనుకో. నల్లటి మూతయితే సుమారు 300 వాట్లు తాగుతుంది. నీ చార్జరు మొత్తం వేడి 178. అంటే చార్జింగ్ మొదలు కాకముందే సూర్యుడు దాన్ని ఇంకా ఎక్కువగా కాల్చి ఉంచాడు. తారురోడ్డు మీద చెప్పులు లేకుండా నిలబడి చూడు, 60 డిగ్రీలు అంటే ఏమిటో తెలుస్తుంది. అక్కడి నుంచి మొదలవుతుంది నీ చార్జింగ్.

ఇది ఈ చర్చలో అందరూ మరిచిపోయే అంకె. చార్జర్ల కాగితాల మీద సామర్థ్యం ఉంటుంది, ఎడం ఉంటుంది, కిలోవాట్లు ఉంటాయి. ఎండ ఉండదు. స్వీడన్‌లో గోట్లాండ్ దీవిలోనూ, 2023లో డెట్రాయిట్‌లోని 14వ వీధిలోనూ రోడ్డు కింద చుట్టలు పాతి బండ్లు నడిపినవాళ్లకు మంచు గురించి బెంగ ఉండి ఉంటుంది. మన బెంగ వేరు. ఎండ ఎక్కువ పడే చోటికి వచ్చేసరికి ప్రయోగశాలలోని 25 డిగ్రీల గదిలో కొలిచిన ప్రతి అంకెనూ మళ్లీ తూచుకోవాలి.

అల్లుడు: ఎండ లెక్కను ఒప్పుకుంటాను. నిజానికి అది నా వాదానికే పనికొస్తుంది. చార్జింగ్ జరుగుతున్నంతసేపూ ప్యాడ్ బండి నీడలోనే ఉంటుంది కదా. ముందు కాగిన వేడి సంగతి అంటారు. దానికి చుట్టూ నాలుగు స్తంభాలు నాటి పైన రేకు వెయ్యండి. 300 వాట్ల వేడిని బయటే ఆపే రేకుకన్నా మంచి కూలింగు ఏ కంపెనీ అమ్మదు. మూత తెల్లగా వేస్తే ఇంకా మేలు. ఇక 178 వాట్లు. మీరు అన్నీ ప్యాడ్‌లోనే పోస్తున్నారు. అక్కడే పొరపాటు, మామా. ఇన్వర్టరు ప్యాడ్‌లో ఉండాలని ఎవరన్నారు? దాన్ని గోడకు బిగించిన పెట్టెలో పెట్టి, అక్కడి నుంచి రెండు మూడు మీటర్ల కేబులు వేస్తే చాలు. ఆ పెట్టెకు మీరు కోరిన రెక్కలు, ఫ్యాను, బ్రష్షు అన్నీ ఉంటాయి. బండి కింద రెక్టిఫయరు ఉంటుంది. దాన్ని బండి చాసిస్ ఇనుముకే బిగిస్తే ఆ ఇనుమే వేడిని పరుస్తుంది. ఇంక నేలలో మిగిలేది రాగి చుట్ట, దాని కింద ఫెర్రైట్ పలకలు, ఆ కింద అల్యూమినియం రేకు. వీటిలో పుట్టే వేడి అంతా కలిపి 40 వాట్లు అనుకోండి.

ఇప్పుడు వేడి పెరుగుదల చూద్దాం. నిలకడ గాలిలో ఒక చదరపు మీటరు పలక ఒక డిగ్రీ తేడాకు పది వాట్ల చొప్పున వదులుతుందని మోటు లెక్క. రెండడుగుల చదరం సుమారు 0.36 చదరపు మీటర్లు. ఎలక్ట్రానిక్స్ కూడా నేలలోనే పెట్టి 90 వాట్లు అక్కడ పోస్తే మూత 25 డిగ్రీలు పెరుగుతుంది. 40 డిగ్రీల మధ్యాహ్నం అది 65. లోపల ఇంకా పదిహేను ఇరవై ఎక్కువ. అదే 40 వాట్లయితే పెరుగుదల 11 డిగ్రీలే. ఫెర్రైట్ అయితే అసలు 80, 100 డిగ్రీల దగ్గరే తక్కువ నష్టంతో పనిచేసేలా చేస్తారు, దానికి ఈ వేడి లెక్కలోది కాదు. చూశారా, మనం మార్చింది కరెంటునూ కాదు, సామర్థ్యాన్నీ కాదు. వేడిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చాం, అంతే.

మామ: వేడిని గోడ పెట్టెకు పంపావు. బాగుంది. కానీ ఆ పెట్టెలో ఉన్నదాని ప్రాణం ఎంత? నాకు తెలిసిన మేరకు ట్రాన్సిస్టరు లోపల సిలికాన్ ముక్క మీద వెంట్రుకలాంటి అల్యూమినియం తీగలు అతికిస్తారు. అల్యూమినియం వేడికి సిలికాన్ కన్నా ఏడెనిమిది రెట్లు ఎక్కువ సాగుతుంది. వేడెక్కిన ప్రతిసారీ తీగ సాగుతుంది, చల్లారిన ప్రతిసారీ ముడుచుకుంటుంది, అతుకు దగ్గర మెల్లగా బీట పడుతుంది. రోజుకు ఒకసారి మూడు గంటలు చార్జింగ్ పెడితే ఒక ఊపు. నువ్వు ప్రతి ఆగేచోటా పది నిమిషాలు పెడతానంటే రోజుకు పదిహేను ఊపులు. సుఖం కోసం పెట్టిన పద్ధతే దాని ఆయుష్షు తింటుంది. ఇక డ్రైవరు సంగతి. అతను గీత మీద బండి ఆపుతాడని నమ్ముతున్నావా? తైపూసం పండగ రోజు పళనిలో జనం మధ్యలో బండి ఎక్కడ ఆగితే అదే స్టాపు. నీ జోడు 0.2 కాస్తా 0.1 అయితే అప్పుడేం జరుగుతుంది?

అల్లుడు: చుట్టల్లో పోయే వంతు రెట్టింపవుతుంది. మూడు పాళ్లు కాస్తా ఆరు, ఏడు. అదంతా మళ్లీ ప్యాడ్‌లోనే వేడవుతుంది, కాదనను. 2020లో స్థిరపడిన ఎస్ఏఈ జె2954 ప్రమాణం ముందుకు వెనక్కు 75 మిల్లీమీటర్లు, పక్కలకు 100 మిల్లీమీటర్లు తప్పినా పనిచెయ్యాలంటుంది. సరిగ్గా నిలిస్తే నూటికి 85, తప్పి నిలిచినా 80 చేరాలంటుంది. అంటే ప్రమాణమే అయిదు పాళ్ల అదనపు వేడికి ముందే చోటిచ్చింది. సరుకు ఆటో తన ఇష్టం వచ్చినట్టు ఆగే సంతలో ఇది కుదరదు. ఆ మాటకు ఒట్టన్‌చత్రం మార్కెట్టును నా జాబితాలోంచి తీసేస్తున్నాను. అక్కడ ప్లగ్గే మేలు. గిరివీథి బండికి మాత్రం రోజూ ఒకే దారి, ఒకే షెడ్డు. షెడ్డులో చక్రం ఆగడానికి ఒక సిమెంటు దిమ్మె వేస్తే 75 మిల్లీమీటర్లు తప్పడం డ్రైవరుకు చేతకాదు. ఊపుల సంగతి ఇంకా లోతైనది. వేడి ఊగే మేర 80 డిగ్రీల నుంచి 40కి తగ్గితే అతుకు ఆయుష్షు రెండింతలు కాదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఎందుకంటే ఆయుష్షు ఆ తేడాకు నాలుగో అయిదో ఘాతంలో తగ్గుతూ పోతుంది. కాబట్టి మనకు కావలసింది చల్లగా ఉండటం కన్నా నిలకడగా ఉండటం. సీడాక్ వాళ్లు వాడిన సిలికాన్ కార్బైడ్ వేడిని మామూలు సిలికాన్ కన్నా సుమారు మూడు రెట్లు బాగా పారనిస్తుంది, వేగంగా తిప్పినా తక్కువ తింటుంది. దానికి తోడు వేడి హద్దు దాటగానే 1,500 వాట్లు తానే 1,000కి దిగాలి. చార్జింగ్ మూడు గంటల బదులు నాలుగున్నర పడుతుంది. రాత్రంతా షెడ్డులో ఉండే బండికి ఆ గంటన్నరతో పనేముంది?

గమనిస్తే, అల్లుడు మొదట చేతిలో పట్టుకొచ్చిన సుఖంలో సగం ఇక్కడ రాలిపోయింది. ఎక్కడపడితే అక్కడ ఆగి, తాకకుండా, క్షణాల్లో నింపుకోవడం అన్నది పోయి, నీడ ఉన్న షెడ్డులో, గుర్తు మీద, నిదానంగా, రాత్రిపూట నింపుకోవడం మిగిలింది. కదిలే బండికి రోడ్డులోంచే కరెంటు ఇవ్వడం అనే పెద్ద కల సంగతి నేను రెండు మాటల్లో తేల్చేస్తాను. దక్షిణ కొరియాలో కైస్ట్ సంస్థ వాళ్లు 2013లో గూమి నగరంలో 24 కిలోమీటర్ల బస్సుదారిలో కొంత మేర చుట్టలు పాతి, 17 సెంటీమీటర్ల ఎడంలో 100 కిలోవాట్లు, నూటికి 85 చేర్చి చూపించారు. విద్య నిజమే. కానీ మిగిలిన 15 పాళ్లు అంటే 100 కిలోవాట్ల మీద పదిహేను కిలోవాట్లకు పైనే. పదిహేను ఇస్త్రీపెట్టెల వేడిని ఎండలో కాగే తారు రోడ్డు, బస్సు కడుపు కలిసి భరించాలి. బత్తలగుండు దాటి కొడైకెనాల్ ఘాటెక్కే బస్సుకు ఇది ఎవరైనా ప్రతిపాదిస్తే ముందు ఆ పదిహేను కిలోవాట్లకు దారి చూపమని అడగాలి.

మామ: ఇంక రెండే ఉన్నాయి నా దగ్గర. మొదటిది తాళంచెవి. ఈ ఊరు తాళాలకు పేరు పడ్డ ఊరు, 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. షెడ్డు మూసేవాడి మొలలో గుత్తి ఉంటుంది. అది జారి ప్యాడ్ మీద పడిందో, నీ అయస్కాంత క్షేత్రం దాన్ని కాల్చి ఎర్రగా చెయ్యదా? ఇంటి వంటగదిలో ఇండక్షన్ పొయ్యి చేసేది అదే కదా. గుండెకు పేస్‌మేకర్ పెట్టుకున్న పెద్దాయన బండి దిగుతుంటే ఎట్లా? రెండోది, కాలితే ఎవరు బాగుచేస్తారు? మోటారు కాలితే నేను సాయంత్రానికి విప్పి, పాత రాగి లాగేసి, కొత్తగా చుట్టి, వార్నిష్ పట్టించి ఇస్తాను. నీ ప్యాడ్ లోపల జిగురు గట్టిపడి రాయిలా ఉంటుంది. సుత్తితో పగలగొట్టడం తప్ప దారి లేదు. అమెరికాలో జనరల్ మోటార్స్ తన ఈవీ1 కారుకు 1996లోనే తాకకుండా కరెంటు దూర్చే చెక్కలాంటి చార్జరు ఇచ్చింది. అయిదేళ్లకే అది మూలపడింది. కొన్నవాళ్లకు స్పేరు ఎవరిస్తారు?

అల్లుడు: ఈవీ1 చార్జరును చంపింది వేడి కాదు మామా. 2001లో కాలిఫోర్నియా గాలి నాణ్యత బోర్డు తీగ పద్ధతినే ప్రమాణంగా ఎంచుకుంది, దాంతో రెండో దానికి చోటు లేకుండా పోయింది. ఇప్పుడు ప్రమాణం ఉంది కనుక ఒకరి ప్యాడ్ మీద ఇంకొకరి బండి నిలవగలదు. తాళంచెవి భయం సరైనదే. అందుకే ప్యాడ్ పై పొరలో చిన్న చిన్న చుట్టలు పరిచి, లోహం పడగానే పసిగట్టి ఆపేసే ఏర్పాటు ఉంటుంది. అది లేని ప్యాడ్‌ను కొనకూడదు. మనుషుల ఒంటికి 27 మైక్రోటెస్లా దాటకూడదని రేడియేషన్ భద్రత చూసే అంతర్జాతీయ సంఘం 2010లోనే హద్దు గీసింది, పేస్‌మేకర్లకు ఇంకా కట్టుదిట్టం. బండి నిండా జనం ఉండగా కాకుండా, ఖాళీగా షెడ్డులో ఉన్నప్పుడే చార్జింగ్ కనుక ఆ చిక్కు మన దగ్గర తక్కువే. బాగుచేయడం మాటకు వస్తే, అది మీ చేతిలో పని. 85 కిలోహెర్ట్జ్‌లో కరెంటు రాగి పైచర్మంలో పావు మిల్లీమీటరు లోతు కూడా దిగదు. అందుకే మందపాటి తీగ పనికిరాదు, వెంట్రుకలంత సన్నటి వార్నిష్ తీగలు వందల కొద్దీ పేనిన లిట్జ్ తీగ కావాలి. కోయంబత్తూరులో మోటారు చుట్టే చేతులకు అది చుట్టడం రాదని నేననుకోను. జిగురుకు బదులు మెత్తటి సిలికాన్ షీటు వేసి, మూతను బోల్టులతో బిగించి, అంచున రబ్బరు వాషరు పెడితే ప్యాడ్ విప్పుకోవచ్చు. వేడి దారి కాస్త సన్నబడుతుంది, 40 వాట్లకు పరవాలేదు. 90 వాట్లయితే మటుకు జిగురు తప్పదు. చూడండి, వేడి తగ్గించుకుంటేనే విప్పే హక్కు మిగులుతుంది.

ఈ చివరి మాట నాకు ఈ వాదమంతటిలోనూ విలువైనదిగా కనబడుతుంది. వేడి ఎంతన్నది చల్లదనానికే కాదు, యంత్రం ఎవరి చేతిలో ఉండాలన్నదానికీ హద్దు గీస్తుంది. ఎక్కువ శక్తిని చిన్న చోట కుదిస్తే ద్రవం పారే గొట్టాలు, గట్టి జిగురు, కంపెనీ మనిషి తప్పనిసరి. తక్కువ శక్తిని వెడల్పుగా పరిస్తే రేకు నీడ, రెక్కల పెట్టె, ఊరి రివైండింగ్ షాపు సరిపోతాయి. 2024లో ఓక్ రిడ్జ్ వాళ్లు పోర్షే కారుకు 270 కిలోవాట్లు గాలిలో దాటించారు. అది ఘనకార్యమే, మన పళని షెడ్డుకు పనికొచ్చే పాఠం మాత్రం అందులో లేదు.

మామ: సరే, దేవస్థానం వాళ్లు అడిగితే టెండరులో ఏం రాయాలో నేను చెబుతాను, రాసుకో. కొలత అగ్నినక్షత్రం రోజుల్లోనే చెయ్యాలి, మధ్యాహ్నం రెండింటికి, షెడ్డు బయట థర్మామీటరు 40 చూపేటప్పుడు. బండిని గుర్తు నుంచి నాలుగంగుళాలు పక్కకు నెట్టి మరీ చెయ్యాలి. మూడు గంటలు ఫుల్ లోడు. చుట్ట లోపల 90 డిగ్రీలు దాటకూడదు, దాటబోతే పవర్ తానే తగ్గాలి. ఎంత తగ్గిందో, ఎన్ని నిమిషాలకు తగ్గిందో కాగితం మీద రావాలి. నూటికి ఎన్ని పాళ్లు చేరిందన్నది ఆఖరి వరసలో రాసుకోనీ.

అల్లుడు: ప్యాడ్ మూత బోల్టులతో విప్పేలా ఉండాలని కూడా రాయనా?

మామ: రాయి. ఎన్ని బోల్టులో, ఏ సైజు స్పానరో కూడా రాయి. ఇంకా ఆ నీడ రేకు ఖర్చు ప్లగ్గు చార్జరు పక్కన వేసి చూడు. అప్పుడు కూడా ఇదే నయమనిపిస్తే మొదట రెండు బండ్లకు పెట్టి, మిగతావాటిని ప్లగ్గు మీదే ఉంచమను. ఏడాది తర్వాత రెండు రకాల సాకెట్లూ, ప్యాడ్‌లూ విప్పి నా బల్ల మీద పెట్టు, అప్పుడు మాట్లాడతాను.